పవర్ హౌస్‌లో రెండో షిఫ్ట్

వ్యర్థాన్ని సరుకుగా మార్చడం భిలాయ్‌కి పాత విద్యే. కార్లలో అలసిపోయిన బ్యాటరీల వంతు వచ్చినప్పుడు ఆ విద్య పనికొస్తుందా?

విశాఖపట్నంలో ఎక్కిన రైలు పార్వతీపురం, రాయగడ దాటి రాయ్‌పూర్ మీదుగా దుర్గ్ చేరేలోపు కిటికీలోంచి ఒక పసుపు బోర్డు కనిపిస్తుంది: భిలాయ్ పవర్ హౌస్. స్టేషన్ బయటికొస్తే పేరుకు తగ్గట్టే కరెంటుతో నడిచే బళ్లు, ఈ-రిక్షాలు. దేశంలో చాలా ఈ-రిక్షాల మాదిరిగానే వీటికీ ఆధారం సీటు కింద ఉండే నాలుగు 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు. రాత్రంతా చార్జింగ్, పగలంతా పరుగు. ఏడాదో ఏడాదిన్నరో గడిచేసరికి వాటి చేవ తగ్గుతుంది. రిక్షా అప్పు తీరకముందే కొత్త బ్యాటరీల ఖర్చు నెత్తిన పడుతుంది.

సీసానికి ధర ఉంది గనుక పాత బ్యాటరీని ఎవరూ పారెయ్యరు. దుకాణదారు దాన్ని తీసుకుని కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తాడు. అక్కడి నుంచి అది అనుమతి ఉన్న కర్మాగారానికి చేరితే సీసం మళ్లీ బ్యాటరీ అవుతుంది. ఏ పెరటి కొలిమికో చేరితే పొగలో, మట్టిలో కలిసి పిల్లల రక్తంలోకి వెళ్తుంది. మన దేశంలో ఈ రెండూ జరుగుతున్నాయి. ఇప్పుడు లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. అవి ఏ దారి పడతాయన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను భిలాయ్‌లో నిలబడి ఆలోచించడానికి కారణం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఊరిది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారూ చాలామందే. సెక్టర్-5లోని బాలాజీ ఆలయం వాళ్ల ఉనికికి గుర్తు. చెట్ల నీడలో వరుసగా క్వార్టర్లు, అంకెలే పేర్లుగా సెక్టర్లు, గడియారంతో పాటు మారే షిఫ్టులు. అరవయ్యేళ్లకు ప్లాంటు నుంచి రిటైరై, ఆ తర్వాత మరో పనిలో కుదురుకున్న మనుషులు ఈ ఊళ్లో కొత్త కాదు.

వస్తువులదీ అదే కథ. దల్లీ రాజహరా గనుల ఖనిజం కొలిమిలో కరిగితే ఇనుముతో పాటు స్లాగ్ కూడా వస్తుంది. దాన్ని నీళ్ల ధారతో ఒక్కసారిగా చల్లార్చి రవ్వలా చేస్తే సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. పక్కనే ఉన్న జాముల్ సిమెంటు కర్మాగారం దశాబ్దాలుగా వాడుతున్నది ఇదే. తుక్కు ఇనుము కూడా ద్రవ ఇనుముతో పాటు కన్వర్టర్‌లోకి వెళ్లి మళ్లీ ఉక్కవుతుంది. అయితే కుప్పగా పోసిన స్లాగ్ దానంతటదే సిమెంటు కాలేదు. దాన్ని ఎలా చల్లార్చాలో, ఎంత కలపాలో ప్రమాణాలు ఏర్పడ్డాయి. ఇల్లు కట్టుకునేవాడు అందుకే ధైర్యంగా బస్తా కొంటాడు.

కారు బ్యాటరీ కూడా ఒక్కరోజులో చావదు. దాని సామర్థ్యం 70, 80 శాతానికి పడిపోతే కారుకు చాలదు. బండి దూరం తగ్గుతుంది, ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడుతుంది. కానీ నిలకడగా ఒకచోట ఉండి, నింపాదిగా కరెంటిచ్చే పనికి అది చాలు. లెక్క సులువే. 30 యూనిట్ల ప్యాక్‌లో 70 శాతం మిగిలితే 21 యూనిట్లు. రోజుకు ఏడు యూనిట్లు వాడే ఇంటికి మూడు రోజుల కరెంటన్నమాట.

ఆ పని ఎలా ఉంటుందో చూడటానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. దుర్గ్ దాటితే వచ్చే రాజ్‌నంద్‌గావ్ జిల్లాలో 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దానికి జతగా ఉన్న బ్యాటరీలు లక్షా ఇరవై వేల యూనిట్లు దాచి, పొద్దుగూకాక గ్రిడ్‌కు ఇవ్వగలవు. వాటి కోసం కొత్త బ్యాటరీలే తెచ్చారు. అంత కరెంటు దాచాలంటే పైన చెప్పిన పాత ప్యాక్‌లు సుమారు 5,700 కావాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో 2018లోనే 148 నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలతో ఇలాంటి ఏర్పాటు చేశారు. అందులో కొత్తవీ ఉన్నాయి, వాడినవీ ఉన్నాయి. పవర్ హౌస్ స్టేషన్ వాకిలికి మరింత దగ్గరగా ఉండే ఉదాహరణ బెంగళూరు, బెర్లిన్‌లలో పనిచేసే నూనమ్ సంస్థది. ఆడి ఈ-ట్రాన్ పరీక్ష కార్ల బ్యాటరీలతో నడిచే ఈ-రిక్షాలను అది 2022లో తయారు చేసి చూపింది.

మరి అడ్డంకి ఏమిటి? ఏ రెండు ప్యాక్‌లూ ఒకేలా ముసలివి కావు. ఒకటి నీడలో నెమ్మదిగా చార్జయి ఉంటుంది, ఇంకొకటి ఎండలో రోజూ ఫాస్ట్ చార్జర్‌కు తగిలించి ఉంటుంది. వరుసలో బలహీనమైన సెల్ ఎంతిస్తే మిగతావీ అంతే ఇవ్వగలవు. ఆ సెల్ వేడెక్కితే మంటలు రావచ్చు. కాబట్టి ఒక్కోదాన్నీ పరీక్షించి, ఏరి, సమానమైనవాటిని జత కట్టాలి. అది డబ్బుతో కూడిన పని. పైగా కొత్త బ్యాటరీలు చవకవుతున్నాయి. బ్లూమ్‌బెర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే ప్రకారం 2024లో ప్యాక్ సగటు ధర యూనిట్ సామర్థ్యానికి 115 డాలర్లకు దిగింది. పరీక్షల ఖర్చు కలిపాక పాతదాని ధర కొత్తదానికి దగ్గరపడితే కొనేదెవరు?

అందుకే బ్యాటరీ పూర్వచరిత్ర దాని వెంటే రావాలి. కారు కంప్యూటర్‌లో ఆ వివరాలుంటాయి కానీ వాటి తాళం కంపెనీల దగ్గరుంది. యూరోపియన్ యూనియన్ 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. మన దేశం 2022లో తెచ్చిన నిబంధనలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదార్లపై పెట్టాయి. పూడ్చడాన్ని, కాల్చడాన్ని నిషేధించాయి.

గడువు మరీ దూరంలో లేదు. 2020లో అమ్మకానికొచ్చిన నెక్సాన్ విద్యుత్ కార్ల బ్యాటరీలకు ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చారు. తొలి బండ్లకు అది 2028లో ముగుస్తుంది. పవర్ హౌస్ దగ్గర సవారీ కోసం చూసే రిక్షావాలాకు కారులో వాడిన లిథియం ప్యాక్ చవగ్గా దొరికితే మంచిదే. కానీ కొనేముందు అతను మూడు సంగతులు అడగాలి. ఇందులో ఎంత మిగిలింది? ఎవరు పరీక్షించారు? చెడిపోతే ఎవరు తీసుకుంటారు? సిమెంటు బస్తా మీద ముద్ర ఉన్నట్టే ఆ జవాబులూ ప్యాక్ మీద ఉండాలి. లేదంటే సీసం వెళ్లిన పెరటి దారి లిథియానికీ తెరిచే ఉంది.