ఖాళీ చెక్కు, నిండు బాధ్యత

దివ్య ఖుర్ఆన్ వాక్యాలన్నింటిలో సుదీర్ఘమైనది నమాజును గురించి కాదు, ఉపవాసాన్ని గురించీ కాదు; అప్పును కాగితం మీద వ్రాసుకోవడాన్ని గురించి. అల్ బఖరా సూరాలోని 282వ వాక్యమది. గోదావరి డెల్టాలోని ఒక మదరసాలో పాతికేళ్లకు పైగా ఈ వాక్యాన్ని బోధిస్తున్నాను. ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే ఉంటాడు: "హజ్రత్, ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద వాక్యమెందుకు?" అప్పుడు నేను రద్దయిన చెక్కు ఒకదాన్ని వాళ్ల చేతికిచ్చి, అందులో ఏమేమున్నాయో చదవమంటాను.

తేదీ ఉంటుంది. సొమ్ము పుచ్చుకునేవారి పేరు ఉంటుంది. మొత్తం ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో ఉంటుంది. చివర ఇచ్చేవారి సంతకం ఉంటుంది. ఆ వాక్యం కోరేవీ ఇలాంటివే. గడువు నిర్ణయించుకోండి, వ్రాసుకోండి, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, సాక్షులు ఉండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందకండి అని దాని భావం. వడ్డీని గురించిన ధర్మనిర్ణయం మనందరికీ తెలిసినదే. ఇక్కడ ఆ చర్చకు పోను. కానీ జీతం, పింఛను, పంట సొమ్ము, గల్ఫు నుంచి వచ్చే సంపాదన, ఇవన్నీ నేడు బ్యాంకు గుమ్మం దాటి మన ఇంటికి వస్తున్నాయి. ఆ గుమ్మం దగ్గరి షరతులు తెలియకపోతే నష్టపోయేది మనమే.

మొదటి షరతు గడువు. ఒకప్పుడు చెక్కు ఆరు నెలలు చెల్లేది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2012 ఏప్రిల్ 1 నుంచి, వేసిన తేదీ మొదలు మూడు నెలలే చెల్లుతుంది. ఆ తేదీకి ముందు తీసుకువెళ్లినా బ్యాంకు ఇవ్వదు, మూడు నెలలు దాటాక తీసుకువెళ్లినా ఇవ్వదు. కాగితానికి కాలం చెల్లిందంటే హక్కు కూడా పోయిందని కాదు. ఇవ్వవలసినవాడు అల్లాహ్ ఎదుట ఋణగ్రస్తుడే. కానీ ఆ హక్కును రాబట్టుకునే సులువైన దారి మూసుకుపోతుంది. నికాహ్ నాడు మహర్‌గా అందిన చెక్కును పట్టుచీరల మడతల్లో జ్ఞాపకంగా దాచుకునే అమ్మాయిలున్నారు. చెక్కు నగదు అయ్యేంతవరకు అది చెల్లింపు కాదు, చెల్లిస్తానన్న మాట మాత్రమే. ఆ మాటను మూడు నెలల్లోగా నిలబెట్టించుకోవాలి.

రెండవ షరతు పేరు. ఇక్కడ మన కుటుంబాలు పడే ఇబ్బంది ఇంతా అంతా కాదు. ఒకే మనిషి ఆధార్ కార్డులో 'షేక్', రేషన్ కార్డులో 'ఎస్.కె.', బ్యాంకు పుస్తకంలో 'షైక్'. ఒకచోట 'బీ', మరోచోట 'బేగం', ఇంకోచోట రెండూ లేవు. మా వీధిలోని ఒక పెద్దావిడకు భర్త పోయాక, ఆయన పనిచేసిన చోటు నుంచి రావలసిన బాకీ చెక్కు రూపంలో వచ్చింది. చెక్కు మీద ఆమె పేరు ఒకలా ఉంది, పాస్‌బుక్కులో మరోలా ఉంది. బ్యాంకు వాపసు చేసింది. "నా సొమ్ము నాకివ్వడానికి వాళ్లకేం అడ్డం హజ్రత్?" అని ఆమె కంటతడి పెట్టింది. నేను నెమ్మదిగా చెప్పాను: "ఆపా, మీ పేరును పోలిన పేరుతో మరెవరో వచ్చినా వాళ్లు ఇలాగే ఆపుతారు. అప్పుడు ఆ అడ్డమే మీ సొమ్మును కాపాడుతుంది." పేరు సరిచేసి కొత్త చెక్కు ఇమ్మని ఆ యజమానికి వినతి వ్రాసి పంపించాం. పాత చెక్కు మీదే దిద్దుదామని ఒక యువకుడు సలహా ఇచ్చాడు గానీ అది పనికిరాదు. చెక్కు కాగితం బ్యాంకుల మధ్య ప్రయాణించే రోజులు పోయాయి. ఇప్పుడు దాని ఛాయాచిత్రమే వెళుతుంది. ఆ పద్ధతిలో తేదీని తిరిగి ధ్రువపరచడం తప్ప మరే దిద్దుబాటుకూ అనుమతి లేదు.

ఆవిడకు వ్రాయడం రాదు. కొత్త చెక్కు ఖాతాలో జమ అయ్యే నాటికి మంచాన పడింది. వృద్ధులు, రోగులు సంతకం చేయలేకపోతే, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట వేలిముద్ర వేసి సొమ్ము తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆ రోజు సాక్షుల్లో నేనొకణ్ణి. తరగతిలో వందసార్లు చెప్పిన "ఇద్దరు సాక్షులు" అన్న మాట ఒక రోగి మంచం పక్కన నిలబడి ఉండటం కళ్లారా చూశాను. మరో సంగతి కూడా చాలామందికి తెలియదు: చెక్కును తెలుగులోనే వ్రాయవచ్చు. ఇంగ్లీషు రాదని చెక్కు పూరించే పనిని ఇతరుల చేతిలో పెట్టనక్కరలేదు.

మూడవది ఆ రెండు గీతలు. గీతలు లేని బేరర్ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వారిదే. దారిలో పడిపోతే దొరికినవాడు కూడా కౌంటరు దగ్గర నిలబడవచ్చు. ఎడమవైపు పై మూలన రెండు అడ్డగీతలు గీస్తే సొమ్ము చేతికి రాదు, ఖాతాలోకే వెళుతుంది. ఆ గీతల మధ్య 'అకౌంట్ పేయీ' అని వ్రాస్తే పేరున్న వారి ఖాతాలోకి తప్ప మరెక్కడికీ వెళ్లదు. జకాత్ సొమ్మును, అనాథల సొమ్మును చెక్కు ద్వారా ఇచ్చే సోదరులు ఈ గీతలను మరువకూడదు. అమానత్‌ను హక్కుదారునికే చేర్చమన్న ఆజ్ఞకు అవి చిన్న సాధనం.

ఇక అసలు చెప్పదలచిన విషయం. భీమవరం, పాలకొల్లు చెరువుల దగ్గర మేతకు పెట్టుబడి కావాలన్నా, రాజమండ్రిలో చిన్న దుకాణానికి సరుకు కావాలన్నా, అప్పిచ్చేవాడు ప్రామిసరీ నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడగడం మామూలైపోయింది. మా మదరసాలో చదివి వెళ్లిన ఒక యువకుడు అలాగే మూడు చెక్కులు ఇచ్చాడు. తీసుకున్నది డెబ్బై వేలు. అందులో చాలావరకు తీర్చేశాడు కూడా. చివరికి ఒక చెక్కు మీద రెండు లక్షల అంకె కనిపించింది. అది బౌన్స్ అయింది, నోటీసు వచ్చింది.

అంకె తన చేతివ్రాత కాదు గనుక భయం లేదనుకున్నాడు ఆ అబ్బాయి. చట్టం అలా చూడదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు బౌన్సును నేరంగా పరిగణించే 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా విధించవచ్చు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును పుచ్చుకున్నవాడు పూరించినా అది బాకీ కోసం ఇచ్చినదేనని న్యాయస్థానం భావిస్తుందని, కాదని నిరూపించే భారం సంతకం చేసినవాడిదేనని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. నోటీసు అందిన తర్వాత సొమ్ము చెల్లించడానికి పదిహేను రోజుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే పెద్దలు కూర్చుని, వాయిదాల రసీదులన్నీ ముందుంచి, నిజంగా మిగిలిన బాకీ చెల్లించి, మూడు చెక్కులనూ వాపసు తీసుకున్నారు. ఆ రసీదులు లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

పాఠకులారా, 282వ వాక్యంలోని ఒక్క మాటను ఇక్కడ గుర్తుచేస్తాను. పత్రాన్ని చెప్పి వ్రాయించే హక్కు ఎవరిది? అప్పు తీసుకున్నవాడిది. అతడు బలహీనుడైతే అతని తరఫున సంరక్షకుడిది. అప్పిచ్చినవాడిది కాదు. ఎందుకంటే వాళ్లిద్దరిలో బలవంతుడు అప్పిచ్చేవాడే. కలం కూడా అతనికే ఇస్తే న్యాయానికి చోటు ఉండదు. ఖాళీ చెక్కు చేసేది సరిగ్గా అదే. సంతకం మనది, కలం అతనిది.

చెక్కును తేదీకి ముందే తక్కువ సొమ్ముకు అమ్ముకోవడం కూడా మన బజార్లలో కనిపిస్తుంది. రెండు నెలల తర్వాతి లక్ష రూపాయల చెక్కు ఇచ్చి, నేడు తొంభై అయిదు వేలు పుచ్చుకోవడం. పేరు ఏదైనా, డబ్బుకు డబ్బు, గడువుకు అదనం, అది వడ్డీయే. ఇమామ్ మాలిక్ గారి 'ముఅత్తా'లో ఒక ఉదంతం ఉంది. మర్వాన్ పాలనాకాలంలో జార్ రేవులోని ధాన్యానికి ప్రజలకు 'సక్క్' అనే పత్రాలు ఇచ్చారు. ధాన్యం చేతికి అందకముందే జనం వాటిని అమ్ముకోసాగారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి), మరో సహాబీ వెళ్లి అభ్యంతరం చెప్పగా, మర్వాన్ భటులను పంపి ఆ పత్రాలను యజమానులకు తిరిగి ఇప్పించాడు. కాగితం సొమ్ము కాదు, సొమ్ముకు సాక్ష్యం మాత్రమే అన్న వివేకం మన పెద్దలకు ఆనాడే ఉంది.

కనుక అప్పు తప్పనిసరి అయినప్పుడు చెక్కు ఇవ్వవలసి వస్తే తేదీ, పేరు, మొత్తం మీ చేతితోనే నింపండి. ఖాళీ మిగిలిన చోట గీత కొట్టండి. చెక్కు నంబరును ఇంట్లోని పుస్తకంలో వ్రాసి ఉంచండి. ప్రతి వాయిదాకు రసీదు అడగండి. బంధువైనా సరే మొహమాటపడకండి. బాకీ తీరిన నాడే చెక్కు వెనక్కి తీసుకోండి. అప్పిచ్చే స్తోమత గల సోదరులకు కూడా ఒక మనవి: అవసరంలో ఉన్నవాడి దగ్గర ఖాళీ చెక్కు అడగకండి. అతని బాకీ ఎంతో అంతే వ్రాసిన కాగితం పుచ్చుకోండి. తీర్పు దినాన అతని సంతకం కింద మీ చేతివ్రాత కనిపించకుండా ఉండటం మీకే మేలు.