తగ్గే వేడిలో పండే రుచి

వృత్తిరీత్యా నేను వంటవాణ్ణి. రష్యాలో వోల్గా ఒడ్డున ఉన్న చెబొక్సారీకి మొదట వచ్చింది మెడిసిన్ చదివే మన పిల్లల మెస్‌లో అన్నం, పప్పు, సాంబారు వండటానికి. తర్వాత చువాష్ వంటలు వడ్డించే ఒక హోటల్లో చేరాను. చెబొక్సారీ చువాషియా రిపబ్లిక్‌కు రాజధాని. చువాష్‌లు టర్కిక్ కుటుంబానికి చెందిన భాష మాట్లాడతారు. తరతరాలుగా సేద్యాన్నీ, పశువుల్నీ, తేనెటీగల్నీ నమ్ముకున్న జనం.

మన వంటకు పోపు ప్రాణం. ఇక్కడ పోపు అన్నదే లేదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు ఉంటే చాలు. రుచి తెచ్చేది పొయ్యి. పల్లె ఇళ్లలో ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి ఉంటుంది, కమగ అంటారు. కట్టెలు కాలిపోయాక కూడా ఇటుకల్లో పట్టిన వేడి గంటల తరబడి నిలిచి, మెల్లగా తగ్గుతుంది. అసలు వంట ఆ తగ్గే వేడిలోనే జరుగుతుంది. అది చేతికి పట్టినవాడికే చువాష్ వంట వస్తుంది.

నాకు ఆ సంగతి నేర్పింది షర్తన్ అనే మాంసం వంటకం. గొర్రె పొట్టను వేడినీళ్లలో వేసి, కత్తితో గీకి, వాసన పోయేదాకా కడగాలి. మాంసాన్ని ఖీమా కొట్టకూడదు. చిన్న ముక్కలుగానే కోసి ఉప్పు, దంచిన వెల్లుల్లి, మిరియాలు పట్టించి పొట్టలో నింపాలి. వేడికి పొట్ట ముడుచుకుంటుంది కాబట్టి కాస్త చోటు వదలాలి. తర్వాత ముతక దారంతో మూతి కుట్టేయాలి. కుట్లు దూరమైతే రసం కారిపోతుంది, మరీ దగ్గరైతే తోలు చిరుగుతుంది. గుండ్రంగా సర్దిన ఆ ముద్దను పళ్లెంలో పెట్టి మొదటి రోజు మూడు నాలుగు గంటలు కాలుస్తారు. అంతటితో తినేయొచ్చు కదా అనిపిస్తుంది. మా వంటింటి పెద్దావిడ మాత్రం, “ఉడికింది నాయనా, ఇంకా తయారవలేదు” అంటుంది. చల్లారాక మర్నాడు మళ్లీ గంటన్నర, రెండు గంటలు పొయ్యిలో పెట్టాలి. ఆ మర్నాడూ అంతే. ఇలా మూడు నాలుగు రోజులు సాగుతుంది. ప్రతిసారీ కొంత తడి పోతుంది, కొవ్వు లోపలికి ఇంకుతుంది, పైతోలు ముదురు గోధుమ రంగుకు తిరిగి గట్టిపడుతుంది. అప్పుడది చల్లటి చోట నెలల తరబడి నిలవుంటుంది. పండక్కో, చుట్టం వస్తేనో తీసి, పలచగా కోసి వడ్డిస్తారు.

అతిథి మర్యాదకు మరో వంటకం హుప్లు. ఇది పళ్లెమంత గుండ్రటి పిండివంట. అడుగు రొట్టె మీద బార్లీ నూకో బంగాళాదుంప ముక్కలో పరిచి, ఉల్లిపాయతో కలిపిన మాంసం వేసి, పైన మరో రొట్టె కప్పి అంచులు మడుస్తారు. ఆవిరి పోవడానికి మధ్యలో చిన్న రంధ్రం ఉంచుతారు. దీన్ని తినడానికీ ఒక వరస ఉంది. ముందు పై రొట్టెను కోసి అందరికీ పంచుతారు. తర్వాత లోపలి కూర. కొవ్వూ రసమూ పీల్చుకున్న అడుగు రొట్టె చివరికి. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ అడుగు ముక్కే.

రోజువారీ భోజనానికి యాష్కా అనే సూపు, నల్లటి రై రొట్టె ఉంటాయి. మంచు కరిగి పచ్చదనం మొదలైతే సూపులో అడవి ఆకుకూరలు పడతాయి, ముట్టుకుంటే మండే నెటిల్ ఆకు సహా. పాల విరుగుతో పొయ్యిలో కాల్చి చేసే చగత్, విరుగు గానీ బంగాళాదుంప గానీ మన కజ్జికాయ ఆకారంలో నింపి నీళ్లలో ఉడికించే హురన్ కుగ్లి కూడా ఉంటాయి. తాగడానికి పుల్లటి మజ్జిగ.

ఇక సర, అంటే ఇంటి బీరు. బార్లీ గానీ రై గానీ నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి వేడినీళ్లలో కలుపుతారు. వడగట్టిన తియ్యటి రసానికి హాప్స్ పువ్వుల చేదు పట్టించి, చల్లారాక పులియబెడతారు. రష్యాలో హాప్స్ సాగుకు చువాషియా పెట్టింది పేరు. 1992లో ఆమోదించిన ఇక్కడి రాజ్యచిహ్నంలో కూడా హాప్స్ కనిపిస్తుంది. కొత్త పంట ఇంటికొచ్చాక జరిపే చూక్లేమె వేడుకలో కొత్త ధాన్యంతో చేసిన రొట్టె, సర దేవుడికి నివేదించాకే జనం ముడతారు. సరను ముంచిపోయడానికి చెక్కిన చెక్క గరిటెలు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను.

ఇప్పుడు కొన్నిచోట్ల షర్తన్‌ను ఒక్క పూటలో కాల్చి బల్ల మీద పెట్టేస్తున్నారు. మాంసం ఉడుకుతుంది, నిజమే. కానీ అది నిలవుండదు, కొవ్వు ముక్కలో ఇంకదు, వెల్లుల్లి ఘాటు పైపైనే ఉండిపోతుంది. దాన్ని షర్తన్ అనడానికి నా మనసు ఒప్పదు. పేరు నిలిచి పద్ధతి పోతే ఆ వంట పోయినట్టే.

చదువుకోసమో పనిమీదో ఈ ఊరికి వచ్చే తెలుగువాళ్లకు ఒక మాట. మెస్ భోజనం ఎప్పుడూ ఉంటుంది. ఒక్కసారి చువాష్ వంటలు దొరికే చోటికి వెళ్లండి. షర్తన్ ఎన్ని రోజులు కాల్చారో అడిగి మరీ తినండి. అడిగేవాళ్లుంటేనే వండేవాళ్లు ఓపిగ్గా వండుతారు.