వగరు తెలిసిన నాలుక

వైట్ వైన్ అనగానే షార్డొనే, సావిన్యాన్ బ్లాంక్. ఏ దేశంలో ఏ హోటల్లో కూర్చున్నా జాబితాలో ఈ రెండు పేర్లే ముందు కనబడతాయి. బాగా చేసిన షార్డొనేకి నేనూ వంక పెట్టను. కాకపోతే వాటిని వర్ణించే తీరే మనకి కొరుకుడు పడదు. గూస్‌బెర్రీ అంటారు, ఎల్డర్ పువ్వు అంటారు, అప్పుడే కోసిన పచ్చిక అంటారు. వాళ్ళ పెరట్లో ఉన్నవి వాళ్ళు చెప్పుకుంటున్నారు, అందులో తప్పేముంది? కానీ అవి చదివి మనవాళ్ళు తమ నాలుకకే ఏదో లోటున్నట్టు గ్లాసు ముందు బెదురుగా కూర్చుంటారు. ఆ బెదురు పోవాలంటే జాబితాలో అట్టడుగున, పలకడానికి నోరు తిరగని పేర్ల దగ్గరికి వెళ్ళాలి. ఏటేటా ఉగాదికి ఆరు రుచులూ చూసే నాలుకకి అక్కడ చాలామంది చుట్టాలు తగులుతారు.

ముందు జార్జియా. కాకసస్ పర్వతాలకి దక్షిణాన ఉన్న చిన్న దేశం. దాని తూర్పు భాగం కాఖేతి. మామూలుగా వైట్ వైన్ చేసేవాళ్ళు ద్రాక్ష పిండగానే తొక్కా గింజా తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. కాఖేతి సంప్రదాయం అలా తీయనివ్వదు. ర్కత్సితేలి అనే తెల్లద్రాక్షని తొక్కి, రసంతోపాటు తొక్కలు, గింజలు, చాలాసార్లు కాడలు కూడా క్వెవ్రిలో పోస్తారు. క్వెవ్రి అంటే అడుగు కోసుగా ఉండే పెద్ద మట్టిపాత్ర. లోపల తేనెమైనం పూసి, మూతిదాకా నేలలో పాతేస్తారు. వేల లీటర్లు పట్టేవీ ఉంటాయి. అలాంటిదాన్ని కడగాలంటే మనిషి లోపలికి దిగాల్సిందే. రసం పులుస్తున్నన్నాళ్ళూ పైకి తేలిన తొక్కల్ని రోజుకి నాలుగైదుసార్లు కర్రతో కిందికి నొక్కుతారు. పొంగు చల్లారాక మూత పెట్టి, అంచులు మట్టితో మెత్తుతారు. శరత్తులో మూసింది వసంతంలో తెరుస్తారు. ఈలోగా గింజలు కోసుగా ఉన్న అడుక్కి జారతాయి, వాటిమీద తొక్కలూ మడ్డీ పరుచుకుంటాయి. గింజల చేదు మరీ పైకి ఎక్కకుండా పాత్ర ఆకారమే కాపలా కాస్తుంది. వేడి పెరగకుండా నేల చలవ చూసుకుంటుంది.

అలా తీసిన వైన్ పేరుకే తెలుపు. గ్లాసులో పోస్తే ముదురు తేనె రంగు. వాసనలో ఎండబెట్టిన ఆప్రికాట్, టీ ఆకు, అక్రోటు. పండు తీపిని ఆశించే నోటికి మొదటి గుక్క నిరాశే. రెండో గుక్కకి చిగుళ్ళు బిగుసుకుంటాయి. తొక్కల్లోని టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లతో ముడిపడేసరికి నోరు పిడచగట్టినట్టవుతుంది. మామిడి పిందె, నేరేడుపండు, వక్క చేసే పనీ ఇదే. వగరుని లోపంగా లెక్కేసేవాళ్ళు ఇక్కడే గ్లాసు పక్కన పెట్టేస్తారు. మనం మాత్రం దానికి పచ్చట్లో ఒక వాటా ఇచ్చి, ఏడాది మొదటి రోజునే నోట్లో వేసుకుంటాం. కవిత్వానికి మన పెద్దలు మూడు పాకాలు చెప్పారు. నోట్లో వేయగానే రసం ఊరేది ద్రాక్షాపాకం, తొక్క ఒలుచుకుని తినేది కదళీపాకం, పీచు తీసి పెంకు కొడితేగాని అందనిది నారికేళపాకం. కాఖేతి వైన్ ద్రాక్షలో పుట్టి నారికేళపాకంలో పడింది. భోజనం మధ్యలోకి వచ్చేసరికి అదే వగరు నూనెనీ కొవ్వునీ కడిగేసి, ప్రతి ముద్దనీ మొదటి ముద్దంత తాజాగా నిలబెడుతుంది.

పేరులేని ప్రాంతం అంటాం గానీ, ఈ విద్య అక్కడ నిన్న మొన్నటిది కాదు. జార్జియా రాజధాని తిబిలీసీకి దక్షిణాన దొరికిన కుండపెంకుల్లో క్రీ.పూ. 6000 ప్రాంతపు వైన్ జాడలు ఉన్నాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. క్వెవ్రి పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంత పాత విద్యనీ సోవియట్ కాలం ఫ్యాక్టరీ లెక్కల్లో ఇరికించింది. వందల రకాల ద్రాక్షలున్న దేశంలో దిగుబడినిచ్చే కొద్ది రకాలకే పెద్దపీట వేశారు. 2006లో రష్యా జార్జియా వైన్‌ని నిషేధించింది. పెద్ద మార్కెట్ తలుపు మూసుకోవడంతో నాణ్యతతో కొత్త గిరాకీ వెతుక్కోక తప్పలేదు. కిసి లాంటి మరుగునపడ్డ ద్రాక్షలు మళ్ళీ తోటల్లోకి వచ్చాయి.

అక్కడి నుంచి ఏజియన్ సముద్రంలోని సాంటోరిని. సుమారు 3,600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బద్దలయ్యాక మిగిలిన నెలవంక లాంటి దీవి. వాన తక్కువ, గాలి జోరెక్కువ. పందిరి వేస్తే నిలవదు. అందుకని తీగని నేలమీదే చుట్టలు చుట్టి బుట్టగా అల్లుతారు. గుత్తులు ఎండకీ గాలికీ దెబ్బతినకుండా బుట్ట లోపల పెరుగుతాయి. సముద్రం మీంచి వచ్చే తేమే సగం ఆధారం. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని ఊడ్చేసిన ఫిలోక్సెరా పురుగు ఈ బూడిద నేలలో బతకలేకపోయింది. మిగతా యూరప్ అమెరికా ద్రాక్ష వేళ్ళకి అంటు కట్టుకుని గట్టెక్కితే, ఇక్కడి తీగలు ఇంకా సొంత వేళ్ళమీదే ఉన్నాయి. ఇక్కడి అసిర్టికో ద్రాక్ష ఎంత ఎండలో పండినా పులుపు వదలదు. ఆ పులుపు వెనకే నాలుక అంచున ఉప్పదనం తోస్తుంది. ఉప్పూ పులుపూ జంటగా రావడం మనకేమీ వింత కాదు. ఆ తీగలకి ఇప్పుడు ప్రమాదం పురుగుతో కాదు, టూరిస్టు హోటళ్ళతో.

మూడోది, నాకు మరీ ఇష్టమైనది, ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న జురా. లూయీ పాశ్చర్ పెరిగిన ఆర్బువా ఇక్కడిదే. వైన్ ఎందుకు పాడవుతుందో ఆయన 1860లలో పరిశోధించిందీ ఆ ఊళ్ళోనే. ఎక్కడైనా పీపాలో వైన్ ఆవిరై తగ్గితే గాలి చేరకుండా వెంటనే నింపుతారు. జురావాళ్ళు సావన్యాన్ ద్రాక్ష వైన్‌ని ఆ వెలితితోనే వదిలేస్తారు. పైన ఈస్టు పల్చటి తెర కడుతుంది. దాని కింద ఆరేళ్ళ పైచిలుకు ఉంచి, 62 సెంటీలీటర్ల పొట్టి సీసాల్లో నింపుతారు. పేరు వాన్ జోన్. దాని వాసనని పాశ్చాత్యులు కర్రీ మసాలా అని రాస్తుంటారు. ఊరగాయ కలిపిన ఇంట్లో పెరిగినవాళ్ళు అంత దూరం వెళ్ళక్కర్లేదు: అది మెంతిపిండి. మెంతులకి ఆ వాసననిచ్చే సోటొలాన్ అనే పదార్థమే ఈ వైన్‌లోనూ తయారవుతుంది.

తాగే తీరు గురించి రెండు మాటలు. వీటిని ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయకండి. మరీ చల్లబడితే వాసన అణిగిపోయి వగరు మొరటుగా తేలుతుంది. కాఖేతి వైన్‌కి 14, 15 డిగ్రీలు బాగుంటుంది. గుంటూరు కారంతో మాత్రం పెట్టుకోవద్దు. ఆల్కహాల్ ఆ మంటని రెట్టింపు చేస్తుంది. జార్జియావాళ్ళు వేయించిన వంకాయ ముక్కల్లో అక్రోటు, వెల్లుల్లి నూరిన ముద్ద పెట్టి తింటారు. కారం తగ్గించిన మన గుత్తివంకాయా ఆ పక్కన దర్జాగా నిలుస్తుంది. అసిర్టికోకి చేపల వేపుడు చాలు. వాన్ జోన్‌కి గట్టి చీజ్, అక్రోట్లు. ఏదైనా రెండు గుక్కలు నిదానంగా చూస్తే రుచి తెలుస్తుంది, సీసా ఖాళీ చేయనక్కర్లేదు.

ఇక కొట్లో ఏం కావాలని అడిగితే గూస్‌బెర్రీలు వెతుక్కోకండి. కాస్త వగరుగా, వెనక మెంతివాసనతో ఉన్నది ఇమ్మనండి. అమ్మేవాడు తెల్లబోతే అతనికీ ఒక గుక్క పోయండి.