పడోసీ గోడా, కారు ప్లగ్గూ



నేను కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు నౌకరీ చేసి రిటైరైన మనిషిని. అందుకేనేమో, ఖాందాన్‌లో ఎవరు కొత్త బండి కొనాలన్నా ఈమధ్య నా మష్వరా అడుగుతున్నారు. పోయిన రంజాన్ ముందు చికాగో నుంచి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. "మామూ, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకుందామనుకుంటున్నా. మేముండే కిరాయి అపార్ట్‌మెంటులో ఛార్జింగ్ లేదు, అందుకే పూర్తి ఎలక్ట్రిక్ వద్దనుకున్నా. ఇందులో పెట్రోలు కూడా ఉంటుంది కదా, ఫికర్ ఉండదు. మీరేమంటారు?"

చాలామంది ఖయాల్ ఇదే. హఖీఖత్ దానికి పూర్తిగా ఉల్టా. ఇంట్లో ప్లగ్గు లేనివాళ్లకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చే బండి ఇదే.

ముందు ఫర్క్ చెప్తాను. మామూలు హైబ్రిడ్‌కు ప్లగ్గే ఉండదు. మన రోడ్ల మీద తిరిగే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ ఈ రకం. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు పుట్టే కరెంటుతోనే వాటి చిన్న బ్యాటరీ నిండుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ అంతకన్నా చాలా పెద్దది. దాన్ని గోడ సాకెట్ నుంచి నింపాలి. మన దేశంలో ఇవి ఖరీదైన లగ్జరీ కార్లలో తప్ప పెద్దగా కనిపించవు. అమెరికాలో టయోటా ప్రియస్‌కు ఇలాంటి మోడల్ ఉంది. 2023 నుంచి వస్తున్న దాని బ్యాటరీలో 13.6 యూనిట్లు పడతాయి. నిండుగా ఉంటే పెట్రోలు చుక్క కాల్చకుండా 70 కిలోమీటర్ల దాకా పోతుంది. మా భాంజా డ్యూటీకి పోయి రావడం 45 కిలోమీటర్లు. అక్కడి మామూలు 120 వోల్టుల సాకెట్‌కు రాత్రి ఏడింటికి పెడితే పొద్దున ఆరింటికి నిండుతుంది. మన 230 వోల్టుల గీజర్ సాకెట్ అయితే నాలుగైదు గంటలు చాలు. అంటే పెద్ద ఇంతెజాం ఏమీ అక్కర్లేదు. బండి పడుకునే చోట ఒక సాకెట్ ఉండాలి, అంతే.

అది లేకపోతే? పూర్తి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ పెద్దది, వారానికోసారి బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నింపుకొని నెట్టుకురావచ్చు. ఈ బ్యాటరీ మాత్రం రోజూ ఖాళీ అవుతుంది, రోజూ నింపాలి. పైగా ఆ ప్రియస్‌కు ఫాస్ట్ ఛార్జింగే లేదు. ఛార్జ్ చేయకపోతే మిగిలేది బరువైన బ్యాటరీని మోస్తూ పెట్రోలు తాగే కారు. యూరప్‌లో 2021లో రిజిస్టరైన కార్ల లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024లో రిపోర్టు ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ల్యాబ్ లెక్క కన్నా సగటున మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అనుకున్నంతగా జనం వాటిని ఛార్జ్ చేయకపోవడమే దానికి ముఖ్య కారణం.

"బేటా, ముందు ఓనరు దగ్గర సాకెట్‌కు ఇజాజత్ తీసుకో, అది కూడా కాగితం మీద. ఇవ్వకపోతే ప్లగ్గు లేని హైబ్రిడ్ కొనుక్కో" అన్నాను. ఓనరు కుదరదన్నాడు. వాడు మామూలు ప్రియస్ తీసుకున్నాడు. నాలుగైదు వేల డాలర్లు మిగిలాయి, అల్‌హందులిల్లా.

వాడిది కిరాయి ఇల్లు, రేపు సాకెట్ ఉన్న చోటికి మారొచ్చు. మన దగ్గర సొంత ఫ్లాట్ ఉన్నవాళ్లకే ఈ తకలీఫ్ వస్తోంది. టోలిచౌకిలో మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు అబ్బాయి ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాడు. తన మీటరు నుంచి తన పార్కింగ్ దాకా సొంత ఖర్చుతో వైరు లాక్కుంటానన్నాడు. అసోసియేషన్ వాళ్లు "కామన్ గోడ, కుదరదు" అన్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. బండి ఛార్జింగ్ కోసం వేరే కనెక్షన్ అడిగే హక్కు ఇప్పుడు ఉంది. కానీ ఖానూన్ మీటరు ఇప్పిస్తుంది గానీ, పడోసీ మనసు మార్చదు కదా.

బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ హజ్రత్ అబూ హురైరా (రజి.) రివాయత్ ఒకటి ఉంది. పడోసీ తన గోడలో దూలం పెట్టుకుంటానంటే అడ్డుకోవద్దన్నది దాని సారాంశం. ఇమామ్ అహ్మద్ దగ్గర ఇది వాజిబ్. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్ దగ్గర ముస్తహబ్. సొంత గోడ విషయంలోనే ఇంత మాట ఉంటే, ఇరవై ఫ్లాట్ల వాళ్లందరిదీ అయిన గోడకు ఒక పైపు బిగించనివ్వడానికి మనకు ఇంత కష్టమెందుకు?

అయితే హక్కు రెండు వైపులా ఉంటుంది. వాచ్‌మన్ గది సాకెట్‌లో స్కూటర్ ఛార్జ్ చేసుకునేవాళ్లున్నారు. ఆ బిల్లు అందరి మెయింటెనెన్స్‌లోంచి పోతుంది. అది నాహక్. బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయడం అంతకన్నా ఖతర్నాక్. గంటల తరబడి అంత లోడు ఆ బోర్డులు మోయలేవు, వేడెక్కి కరుగుతాయి. వేరే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, అవసరమైతే మీటరు లోడు పెంచుకోవడం ఇవన్నీ బండి యజమాని జిమ్మేదారీ.

పార్కింగ్‌కు సరిగ్గా పైన ఉండే మొదటి అంతస్తు ఖాలా అందరికంటే గట్టిగా కాదన్నారు. "బేటా, నా మంచం కింద మంటలొస్తే నేనెక్కడికి పరిగెత్తాలి? నా మోకాళ్లు చూడు" అన్నారు. ఆమె భయాన్ని జాహిలీ అనడానికి నాకు నోరు రాలేదు. ఆ అబ్బాయిని తీసుకొని వాళ్లింటికి పోయాను. ఆర్‌సీసీబీ ఏం చేస్తుందో బటన్ నొక్కి చూపించాను. ఆఖరికి ఆమే రాస్తా చెప్పారు: "పాయింటు నా గది కింద వద్దు, గేటు పక్కన పెట్టుకోండి." గేటు పక్కన పార్కింగ్ ఉన్నాయన తన జాగా మార్చుకోవడానికి రాజీ అయ్యాడు. ఇంకా ఇద్దరు సంతకం పెట్టాలి. ఇన్షాఅల్లా, ఈ జుమ్మా తర్వాత వాళ్లిళ్లకూ పోతాం.

మీరూ బండి కొనే ముందు షోరూముకు కాదు, కింద పార్కింగ్‌కు పోయి చూడండి. మీ మీటరు ఎక్కడుంది, మీ బండి ఎక్కడ ఆగుతుంది, మధ్యలో ఎవరి గోడ ఉంది. ఆ గోడ వాళ్లింటికి పోయి చాయ్ తాగి, ముందే అడగండి. మీ అపార్ట్‌మెంటులో ఎవరైనా అడగడానికొస్తే, కాదనే ముందు వాళ్ల మాట పూర్తిగా వినండి.