డైరీలో లింకు

నాన్న రాసినవాటిలో బయటికొచ్చింది ఒక్కటే. మా ఊరి చెరువు మీద చిన్న వ్యాసం. మేం నలుగురు స్నేహితులం నడిపే వెబ్ పత్రికలో వేశాం. ఆ సైటు కోడ్ నాది. నాన్న దాని లింకుని డైరీ చివరి పేజీలో ఇంగ్లీషు అక్షరాల్లో పొందిగ్గా రాసుకున్నాడు: పత్రిక పేరు, స్లాష్, 'వ్యాసాలు', మళ్ళీ స్లాష్, 'మా ఊరి చెరువు'. ఫోన్లో బాబాయికి అక్షరం అక్షరం చదివి చెప్తుంటే విన్నాను కూడా.

రెండేళ్ళ తర్వాత సైటుని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. 'వ్యాసాలు' విభాగాన్ని 'జ్ఞాపకాలు', 'సమీక్షలు' అని విడగొట్టాం. దాంతో లింకులన్నీ మారిపోయాయి. పాతవి ఏమవుతాయని నేను ఆలోచించలేదు. కొత్త హోమ్‌పేజీ బాగుందని అందరూ అన్నారు.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న నెమ్మదిగా అడిగాడు, "నా వ్యాసం తీసేశార్రా? బాలేకపోతే అప్పుడే చెప్పాల్సింది."

డైరీ చూసి టైపు చేస్తే 404. నాకది 'ఈ చిరునామాలో ఏమీ దొరకలేదు' అని సర్వర్ చెప్పే మామూలు మాట. ఆయనకి మాత్రం సంపాదకుల తిరస్కారం. ఎన్నాళ్ళు మనసులో పెట్టుకున్నాడో అడగలేకపోయాను.

లింకులో విషయ విభాగం, ఫైలు రకం, వాడే సాఫ్ట్‌వేర్ పేరు లాంటివి పెట్టొద్దనీ, అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మారేవేననీ వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశాడు. రాసిన తేదీ మారదు కాబట్టి అది పెట్టుకోవచ్చన్నాడు. ఆఫీసులో జూనియర్లకి ఆ వ్యాసం చదవమని పంపేది నేనే.

ఆ రాత్రి కూచుని కొత్త పద్ధతి రాశాను. సంవత్సరం, వరస సంఖ్య, చివర్న పొట్టి పేరు. కోడ్ చూసేది సంఖ్యనే, పేరు మనుషుల కోసం. రేపు శీర్షికలో అచ్చుతప్పు దిద్దినా లింకు చెడదు. ఆ పేరు తెలుగు లిపిలోనే ఉంటే బాగుండుననిపించింది. కానీ చాలాచోట్ల కాపీ చేసి అతికిస్తే అది శాతం గుర్తుల గుంపుగా మారిపోతుంది. 'చెరువు' అన్న ఒక్క మాటే 54 అక్షరాలవుతుంది. దాన్ని ఫోన్లో ఎవరికి చదివి చెప్తాం?

పాత లింకులన్నిటికీ 301 పెట్టాను. ఇల్లు మారినవాళ్ళు పోస్టాఫీసులో కొత్త అడ్రసు ఇచ్చి రావడం లాంటిది అది. పాత చిరునామాకి వచ్చినవాళ్ళని సర్వర్ కొత్తదానికి పంపిస్తుంది. మొత్తం 236 వరసలు. ఒక్కోటీ చేత్తో సరిచూశాను.

పొద్దున్నే నాన్న డైరీ పక్కన పెట్టుకుని టైపు చేశాడు. వ్యాసం వచ్చింది. వెంటనే బాబాయికి ఫోన్. ఆయనకి ఇప్పుడూ రాలేదు. చూస్తే, ఆయన రాసుకున్న 'ఊరి'లో రెండు 'ఓ'లకి బదులు ఒకటే ఉంది. మొదట్నుంచీ తెరుచుకోలేదట. చెప్పడానికి మొహమాటపడి, చదివాను బాగుందన్నాడట.

237వ వరస బాబాయి స్పెల్లింగుకి రాశాను.