చెవి ఇచ్చే సాక్ష్యం

వినికిడి పరీక్షలు రెండు రకాలు. శబ్దం వినిపించగానే మీట నొక్కమనే పరీక్షకు రోగి సహకారం కావాలి. పొత్తిళ్ళలోని బిడ్డ నుంచి అది దొరకదు కనుక, జవాబును చెవి నుంచీ నాడి నుంచీ నేరుగా రాబట్టే పరీక్షలు అవసరమయ్యాయి. వీటినే వస్తునిష్ఠ పరీక్షలంటారు.

1960లలో కొలరాడోలోని డెన్వర్‌లో మేరియన్ డౌన్స్ నవజాత శిశువులను పరీక్షించడానికి పూనుకొన్నప్పుడు, శబ్దానికి బిడ్డ ఉలికిపడిందా, కళ్ళు ఆర్పిందా అని కనిపెట్టి చూడటమే మార్గం కావడంతో, ఫలితం చూసేవారి అంచనాకు లోబడి ఉండేది. ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. పురిటికి సాయంగా అమెరికా వచ్చిన అమ్మమ్మ బిడ్డ వెనక పళ్ళెం మోగించి, బిడ్డ తల తిప్పగానే నిశ్చింత పడుతుంది గాని, ఆ తల తిరిగింది కదిలిన నీడకు కావచ్చు. పెద్ద చప్పుడు వినబడే చెవికి మాటలోని సన్నని హల్లులు అందకపోనూవచ్చు.

చూసేవారి అంచనాతో పనిలేని వస్తునిష్ఠ పరీక్షలలో మొదటిది నాడి జవాబును పడుతుంది. శబ్దం చెవిలో పడిన పది మిల్లీసెకన్ల లోపే శ్రవణనాడి నుంచి మెదడు కాండం దాకా విద్యుత్ అలలు వరసగా లేస్తాయి. అవి మైక్రోవోల్టుకు లోపే ఉండి మెదడులోని తక్కిన విద్యుత్తులో మునిగిపోతాయి కనుక, ఒకే శబ్దాన్ని వేలసార్లు వినిపించి, నుదుటి మీదా చెవి వెనకా అతికించిన ఎలక్ట్రోడ్‌లకు అందినదాన్ని కంప్యూటరు సగటు కడితే, నాడి జవాబు ఒక్కటే తేలుతుంది. డాన్ జ్యూయెట్, జాన్ విల్లిస్టన్ 1971లో ఈ అలలకు ఇచ్చిన రోమన్ అంకెలే నేటికీ వాడుకలో ఉన్నాయి. ఈ పరీక్ష అమెరికాలో ఏబీఆర్, తెలుగునాట బెరా. రెండోదైన ఓఏఈ, చెవి తిరిగి పంపే సన్నని ప్రతిధ్వనిని చెవి రంధ్రంలో ఉంచిన మైకుతో పడుతుంది. లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో ప్రకటించిన ఆ ప్రతిధ్వనికి మూలం లోపలి చెవిలోని బయటి రోమకణాలు.

వైద్యునికి ఎదురయ్యే చిక్కు ఈ రెంటి నడుమనే ఉంది. పుట్టిన మర్నాడు చెవిలో మిగిలిన ఉమ్మనీటి వల్ల ఓఏఈ రాని బిడ్డ, కొద్ది వారాలకు హాయిగా పాసవుతుంది. నెలలు నిండకుండా పుట్టి తీవ్రమైన కామెర్లతో గాజుపెట్టెలో గడిపిన మరో బిడ్డకు ఓఏఈ చక్కగా వచ్చినా, రెండేళ్ళు నిండినా మాట రాదు. ఏబీఆర్ తీస్తే అలలు కనిపించవు. రోమకణాలు పనిచేస్తున్నా నాడి సంకేతాలు ఒక్క తాళంలో నడవని ఈ స్థితిని 1996లో ఆర్నాల్డ్ స్టార్ బృందం శ్రవణనాడి వ్యాధిగా వర్ణించింది. ఇంటెన్సివ్ కేర్‌లో అయిదు రోజులు దాటి ఉన్న శిశువులకు ఏబీఆర్ తప్పనిసరని చెప్పడానికి కారణం ఇదే.

నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స అన్న లక్ష్యం అమెరికాలో స్థిరపడింది. 1999 నాటి చట్టంతో రాష్ట్రాలకు నిధులూ అందాయి. అయినా పుట్టుకతో సోకిన సైటోమెగలో వైరస్ వంటి కారణాల వల్ల, పాసైన చెవి ఆ తరువాతా దెబ్బతినవచ్చు. ఏ ఒక్క ఫలితాన్నీ మరో స్వతంత్ర పరీక్ష సమర్థించనిదే నమ్మరాదని జేమ్స్ జెర్గర్, డెబొరా హేస్ 1976లోనే సూచించారు. పాసైనట్టు చెప్పే కాగితం శ్రవణమార్గంలో ఆనాటి ఒక మజిలీకి మాత్రమే సాక్ష్యం. పిలిస్తే పలకడం లేదని తల్లి చెప్పిన మాట వైద్యుణ్ణి ఆ మార్గమంతా మళ్ళీ నడిపించాలి.