తెర మసకయా? తీగ మసకయా?

బిడ్డలు కంప్యూటరు తెరపై పాఠములు చదువుకొనుచున్న యీ దినములలో, అక్షరములు మసకగా గనబడినచో మనము మొదట బిడ్డ కన్నులను శంకింతుము. పిమ్మట మానిటరును నిందింతుము. కంప్యూటరునుండి మానిటరునకు బొమ్మను గొనిపోవు తీగను మాత్రము విచారింపము.

తెలుగు చదువువారి కీ విచారణ మిక్కిలి యవసరము. 'దార' యనిన భార్య, 'ధార' యనిన ప్రవాహము. భేదమంతయు నొక చిన్న గీతలో నున్నది. అది చెదరినచో నర్థమే చెదరును.

1987లో ఐబీఎమ్ సంస్థ వెలయించిన వీజీయే పద్ధతిలో, 15 పిన్నుల తీగవెంట ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగులు విద్యుత్తు హెచ్చుతగ్గులుగా బోవును. ఇది పాట నోటినుండి నోటికి బోవుట వంటిది. నడుమ గలసిన యపస్వరము పాటలోనే నిలిచిపోవును. తీగ పొడవైనను, నాసిరకమైనను అక్షరముల ప్రక్కన నీడలు దోచును.

1999లో డీవీఐ, 2002లో హెచ్‌డీఎమ్ఐ, 2006లో డిస్‌ప్లేపోర్టు వెలువడినవి. వీనిలో డిజిటల్ బొమ్మ సున్న, ఒకటి యను రెండు గుర్తులతోనే పయనించును. ఇవి గురులఘువుల వంటివి. వ్రాత వంకరయైనను, గురువేదో లఘువేదో తెలిసినంతవఱకు ఛందస్సు చెడదు. తీగ చెడినచో తెరపై చుక్కలు మెఱయును, లేదా తెర నల్లబడును. అంతేకాని యక్షరములకు నీడలు పుట్టవు. కావున నొకే కొలత బొమ్మకు ఈ మూటియందును స్ఫుటతలో భేదము లేదు. బంగారుపూత తీగకు హెచ్చువెల యిచ్చినను అక్షరము మఱింత తేటపడదు.

మావారు ప్రశ్నపత్రములు సిద్ధపఱచు తెర మసకబాఱగా, అమలాపురమున నొక వర్తకుడు క్రొత్త మానిటరు కొనుమని చెప్పెను. మేము వీజీయే తీగ తీసి, రెంటికిని హెచ్‌డీఎమ్ఐ తీగ తగిలించితిమి. ఒత్తులు, గుడులు తేటగా విడివడెను. మానిటరు వెల మిగిలినది.

తీగ మార్చిన పిదప రెండు సంగతులు చూచుకొనవలయును. కంప్యూటరులో బొమ్మ కొలతను మానిటరు సహజపు కొలతకు, అనగా 1920 × 1080 తెరయైన నంతకే, సరిపెట్టవలయును. హెచ్‌డీఎమ్ఐ తగిలించినప్పుడు కొన్ని మానిటర్లు టెలివిజనువలె నడచి అంచులు కోసివేయును, నలుపును వెలవెలబోజేయును. దీనిని సెట్టింగులలో దిద్దవచ్చును. వీజీయే తప్ప వేఱు దారిలేని పాత యంత్రమునకు పొట్టి తీగ వాడి, మరలు బిగించి, మానిటరు 'ఆటో' మీట నొక్కిన కొంత మేలగును.

బిడ్డ తలనొప్పి యన్నచో కంటివైద్యునకు జూపుట మానరాదు. దానితోపాటు మానిటరు వెనుకకు వంగి, అచట నే తీగ యున్నదో చూడుడు.